డిస్కు పెట్టి చూడండి సార్!

మెదక్‌లో ఒకాయన కొన్న కొత్త ల్యాప్‌టాప్ డిస్కును మింగుతుంది, చదవదు.

కస్టమర్ కేర్ మందు చెప్పింది: "డ్రైవర్ డిస్కు ఇచ్చాం కదా సార్, అది పెట్టి ఇన్‌స్టాల్ చేయండి."

"ఎండ్ల పెట్టాలె?"

"డ్రైవ్‌లోనే సార్."

"గది పనిచేస్తలేదనే గదా ఫోన్ చేసిన!"

అయితే లెన్సు తుడవాలట. తుడిచే క్లీనరూ డిస్కే!

ఆఖరికి ట్రేకున్న చిన్న బొక్కలో గుండుపిన్ను గుచ్చితే డిస్కు బయటపడింది. వెంటనే మెసేజ్: 'మీ సమస్య పరిష్కారమైంది.'

కాలేదంటే, సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉందన్నారు. మెదక్‌కు 2022లో రైలు ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమైంది.

వారంటీ వర్తిస్తుందా?

"నిబంధనలన్నీ ఉన్నాయి సార్. ఆ డిస్కులోనే, పీడీఎఫ్‌లో."