మీటల పద్యం: టీకా తాత్పర్యం

ఆ. కొన్న బోర్డు మీట కొట్టిన చప్పుడు
చెవులకింపు గాదు, చేర్చి చేర్చి
స్విచ్చు గ్రీజు పూసి జీతము సాంతము
ధార పోయువాడె ధన్యజీవి.

అవతారిక: మెకానికల్ కీబోర్డును సొంతంగా కూర్చుకునే కవి, రెడీమేడ్ కొనుక్కున్న స్నేహితుణ్ణి చూసి జాలితో పలికినది.

ప్రతిపదార్థం: కొన్న బోర్డు = పెట్టె విప్పి, వైరు గుచ్చి, ఆ పూటే పనిలోకి దిగనిచ్చే కీబోర్డు (అదే దాని దోషమని కవి హృదయం); చప్పుడు = ముఖ్యంగా స్పేస్‌బారు కింద స్టెబిలైజరు తీగ చేసే గలగల; చెవులకు ఇంపు గాదు = ‘కవి’ చెవులకు అని అధ్యాహారం, పక్క కుర్చీవాడికి రెండూ ఒకటే; చేర్చి చేర్చి = కేసు, పీసీబీ, ప్లేటు, స్విచ్చులు, కీక్యాపులు విడివిడిగా తెప్పించి. ఈ ద్విరుక్తి ఊరికే రాలేదు. గ్రూప్ బైలో, అంటే పదిమంది కలిసి పెట్టే ఆర్డరులో, డబ్బు ముందే కట్టి సరుకు కోసం నెలల తరబడి కాచుకోవాలి. ఈలోగా మనసు ఇంకో కేసు మీదికి పోతుంది.

స్విచ్చు గ్రీజు పూసి = ఏకవచనం చూసి మోసపోరాదు. ‘60 శాతం’ అనే చిన్న బోర్డుకే అమెరికన్ అమరికలో 61 స్విచ్చులు. ఒక్కొక్కటీ విప్పితే పై హౌసింగ్, స్టెమ్, స్ప్రింగు, కింది హౌసింగ్: నాలుగు ముక్కలు. సన్న కుంచెతో, పూశామా లేదా అన్నంత పలచగా పూయాలి. టాక్టైల్ స్విచ్చయితే స్టెమ్ కాళ్లకు తగలనివ్వకూడదు. తగిలిందా, ఏ గతుకు కోసం ఆ స్విచ్చు కొన్నాడో ఆ గతుకే నునుపెక్కిపోతుంది.

జీతము సాంతము = అతిశయోక్తి అని ఆలంకారికులు. కస్టమ్స్ సుంకం కట్టినవారు స్వభావోక్తి అంటారు.

తాత్పర్యం: కొనేవాడు అల్పుడు, కూర్చేవాడు ధన్యుడు.

విశేషాలు: ఈ తాత్పర్యం నేటికి పూర్తిగా నిలవదు. జర్మనీ చెర్రీ కంపెనీ 1980లలో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్చుకు పేటెంటు గడువు తీరాక, అదే కొలతలతో గేటరాన్, కైల్ వంటి చైనా స్విచ్చులు వెల్లువెత్తాయి. హాట్‌స్వాప్ బోర్డు రెడీమేడ్‌గా కొన్నవాడు సోల్డరింగ్ జోలికి పోకుండా ఒక స్విచ్చు పీకి ఇంకొకటి గుచ్చగలడు. కవి నిందించిన కొనుగోలుదారుల్లో కొందరు అలాగే కూర్చే దారి పడుతున్నారు.

పద్యమంతా వెదికినా టైపు చేసే మాట లేదు. అది లోపం కాదు, కవికి ఆ అవసరం కలగలేదు.

‘జీతము’ చోట ‘జీవము’ అని పాఠాంతరం. గణాలూ యతీ చెడవు. కవి ఇంట్లోవాళ్లు మాత్రం మొదటి పాఠమే ప్రామాణికమంటున్నారు.