నేను, నా తొడుగు

నేను మాగ్నటైట్‌ని. ఇనుమూ ఆక్సిజనూ కలిసిన నల్ల రేణువుని. పుట్టిల్లు తూర్పు కనుమల చార్నోకైట్ రాయి. ఎండకూ వానకూ అది చివికిపోతే వంశధారలో పడి, దొర్లుకుంటూ కళింగపట్నం ఒడ్డుకు చేరాను. గార్నెట్, ఇల్మనైట్‌ల మధ్య మావాళ్లు తక్కువే. అయినా పిల్లలు ఇసకలో అయస్కాంతం తిప్పితే ముందు ఎగిరి అంటుకునేది నేనే. “ఓలమ్మా, ఇసక అతుక్కుంతందే!” అని ఒకటే కేరింతలు.

ఒక పరిశోధక విద్యార్థిని నన్ను ఏరి తీసుకుపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించింది. ఒక పాలు ఫెర్రస్, రెండు పాళ్లు ఫెర్రిక్ అయాన్లుగా విడిపోయాను. గాలి తగలనీయకుండా అమ్మోనియా పోసేసరికి మళ్లీ నల్లగా పేరుకున్నాను. ఈసారి నా అడ్డుకొలత సుమారు 10 నానోమీటర్లే!

దాంతో గుణం మారింది. అయస్కాంతం చూపిస్తే లేస్తాను, తీసేస్తే గది వేడికే దిక్కు మరిచిపోతాను. సూపర్ పారామాగ్నటిజం అంటే ఇదే. పెద్ద రేణువుగా గ్రాముకు సుమారు 92 ఇఎంయూ ఉన్న అయస్కాంత బలమూ తగ్గింది. లోపం పైపొరలో ఉంది. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ పైనుండే పరమాణువుల వాటా పెరుగుతుంది. అక్కడి ఇనుముకు చుట్టూ ఉండాల్సిన ఆక్సిజన్లు చాలవు. అందుకని ఆ ఇనుము పరమాణువుల స్పిన్లు, అంటే వాటిలోని బుల్లి అయస్కాంతాలు, తలో దిక్కు చూస్తాయి. తప్పెటగుళ్ల జట్టులో చివరి వరస అడుగు తప్పినట్టు, లోపలివాళ్లు సరిగానే ఉన్నా మొత్తం మోత పలచబడుతుంది.

అప్పుడామె ఓలియిక్ ఆమ్లం తొడిగింది. పలాస జీడిపప్పు నూనెలో మెండుగా ఉండేది అదే. దాని కొసనున్న ఆక్సిజన్లు నా పైపొర ఇనుమును పట్టుకున్నాయి. కొన్ని స్పిన్లు వరసలోకొచ్చి, పోయిన బలంలో కొంత తిరిగొచ్చింది. పైగా నూనెలో ముద్దకట్టకుండా తేలుతున్నాను. 1963లో నాసాలో స్టీఫెన్ పాపెల్ అయస్కాంత ద్రవం తయారుచేసింది ఈ ఆమ్లం సాయంతోనే. సిట్రిక్ ఆమ్లం తొడిగితే నీళ్లలోనూ తేలతాను. అయితే తొడుగు మరీ మందమైతే నష్టమే. దాని బరువు లెక్కలోకొస్తుంది, అయస్కాంతత్వం మాత్రం రాదు.

నా చుట్టం ఫెరుమోక్సిటాల్ పిండిపదార్థపు తొడుగుతో, కిడ్నీ జబ్బువాళ్ల రక్తహీనతకు మందుగా 2009లో అమెరికాలో అనుమతి పొందింది. ఎంఆర్‌ఐ చిత్రాలకూ పనికొస్తోంది. ఇనుము ఒక్కసారిగా రక్తంలో కలవకుండా కాసేది ఆ తొడుగే. ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుల బాధ ఎరిగినవాళ్లం మనం. నానో మందంటూ ఎవరొచ్చినా లోపలేముందని అడిగి ఊరుకోకండి. పైన ఏం తొడిగారో, అది ఒంట్లో ఏమవుతుందో కూడా అడగండి.