వెదురుబద్ద ఆత్మకథ

శబరీనదీతీరమున చింతూరు మన్యములో, మారేడుమిల్లి కనుమల నుండి దిగివచ్చు త్రోవ కనతిదూరమున నున్న యొక వెదురుపొద నా జన్మస్థానము. తొలకరివానకు భూమిని చీల్చుకొని మొలచి, ఒక్క ఋతువులోనే నిలువెత్తు పొడవంతయు సాధించుట మా జాతిలక్షణము. కొనయందే గాక ప్రతి కణుపునొద్దను పెరుగుట మా రహస్యము. ఈ కణుపుమాట యేల యెత్తితినో ముందు తెలియగలదు.

నన్ను నరికి, చీల్చి, అంచులు నునుపుచేసి బద్దగా తీర్చినవాడు ఎముకలు కట్టుటలో పేరుగన్న యొక కోయపెద్ద. చింతచెట్టు మీదినుండియు మామిడికొమ్మల నుండియు జారిపడిన పిల్లల చేతులే ఆయన యొద్దకు తరచుగా వచ్చుచుండెడివి. అయిదారేండ్ల బిడ్డ అరచేయి చాచి నేలమీద పడెనేని, మోచేతికి పైన పలుచగా నుండు చోట భుజాస్థి విరుగుట మిక్కిలి సాధారణము. ఆ చోటనే ముంజేతికి రక్తము గొనిపోవు ధమనియు, వ్రేళ్ల నాడించు నాడులును ఎముక నొరసికొనిపోవుచుండును. విరిగిన పిదప వాపు గంటగంటకు హెచ్చును. అట్లు వాచుచున్న చేతిచుట్టు నావంటి బద్దలను బిగించి కట్టినచో, లోపల నొత్తిడి పెరిగి, మాంసపేశులకు రక్తమందక, అవి చచ్చి కుంచించుకొనిపోయి, వ్రేళ్లు జీవితాంతము ముడుచుకొనియే యుండును. ఎముక చక్కగా నతికియు చేయి పనికిమాలినదగుటకంటె దుఃఖకరమైనది మా వృత్తిలో వేఱొకటి లేదు.

ఈ విపత్తునకు కారణము నాడులు చెడుట కాదనియు, మాంసపేశులకు రక్తము నిలిచిపోవుటయే యనియు 1881లో వాదించినవాడు జర్మనీదేశమందలి హాలే విశ్వవిద్యాలయ శస్త్రచికిత్సాచార్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్. ఆ వ్యాధి నేటికిని ఆయన పేరనే చెల్లుచున్నది. 1870-71 నాటి యుద్ధమున సేనావైద్యుడుగా పారిస్ ముట్టడిలో నున్నప్పుడు, రిచర్డ్ లేయాండర్ అను మాఱుపేరుతో పిల్లల కథలు వ్రాసినవాడును ఈయనయే. పిల్లలకై కథలల్లిన హృదయమే పిల్లల చేతులను గూర్చి యింతగా నాలోచించుట నాకు మిక్కిలి సహజముగ తోచును.

బాలుర యెముకలను గూర్చి పరిశోధించు వైద్యాచార్యు డొకడు విశాఖపట్టణము నుండి మా పెద్దను వెదకికొనుచు వచ్చెను. ఆయన నన్ను చేతబట్టి, వంచి, త్రిప్పి చూచి, పెద్దప్రక్కనే నేలమీద కూర్చుండి యడిగెను: "తాతా, వంకరగా అతికిన చేతులు కొన్ని వాటంతటవే తిన్ననవుతాయని చెప్పావు. మణికట్టు దగ్గరవా, మోచేతి దగ్గరవా?"

"మణికట్టు దగ్గరవే బాబూ. రెండేళ్లకి వంకర కనపడదు. మోచేతి వంకర మాత్రం పిల్లోడు పెద్దోడైనా అట్టాగే ఉండిపోద్ది."

ఆచార్యుని ముఖము వికసించెను. ఏలయన, బిడ్డ యెముక చిన్నదైన పెద్దవాని యెముక కాదు. దాని కొనలయందు మా కణుపువంటి మృదులాస్థిపొర యొకటి యుండి, పొడవు అచ్చటనే కలుగుచుండును. భుజాస్థి పెరుగుదలలో నూటికి ఎనుబదిపాళ్లు భుజముకొనయందే జరుగును. మోచేతికొనకు దక్కునది ఇరువదిపాళ్లు మాత్రమే. ముంజేతి యెముకలలో బొటనవ్రేలి వైపుదానికి మణికట్టుకొనయే ప్రధానవృద్ధిస్థానము. వృద్ధి మెండుగా నున్నచోట వంకర సవరింపబడును, కొఱవడినచోట నిలిచిపోవును. ఆ పొర గాయపడిన తీరులను 1963లో కెనడా వైద్యులైన సాల్టర్, హారిస్ అనువారు అయిదు విధములుగా విభజించిరి. మా పెద్ద ఏ గ్రంథమును చదువక, పిల్లలు పెరుగుటను చూచియే ఆ సత్యములో నొక భాగమును గ్రహించెను. తొడయెముకను కట్టు ప్రసిద్ధమైన చట్రమును 1875లో ప్రకటించిన హ్యూ ఓవెన్ థామస్ కూడ వేల్స్ దేశమున ఎముకలు కట్టువారి వంశమునందే జనించెను గదా!

నన్ను కాల్చివేయుమని ఆచార్యుడు చెప్పలేదు. "కట్టాక వేళ్లను మెల్లగా చాపి చూడు తాతా. చాపగానే బిడ్డ కెవ్వుమంటే కట్టు విప్పెయ్యి. నాడి ఆడుతోందని ధైర్యపడకు, తెల్లారేదాకా ఆగకు," అనెను. ఆఱేడుగంటలు రక్తమందని మాంసపేశి మరల కోలుకొనుట దుర్లభము. మోచేతిపై విరిగినచో అసలు బిగింపక, చేతిని సగము వంచి గుడ్డతో వ్రేలాడదీసి, ఆనాడే చింతూరు ఆసుపత్రికి, అక్కరయైనచో భద్రాచలమునకు పంపుమనెను. అచ్చట శస్త్రవైద్యులు ఎక్స్‌రేలో చూచుచు ఎముకను సరిపఱచి, సన్నని తీగలు గ్రుచ్చి, మూడునాలుగు వారములకు తీసివేయుదురు.

నాటినుండి నేను మణికట్టులకే పోవుచున్నాను. అదియు వదులుగా, వ్రేళ్లు బయటికి కనబడునట్లుగా. ఆచార్యుడు వచ్చినప్పుడెల్ల పుస్తకము విప్పి, బిడ్డ వయస్సు, చేయి, పడిన చెట్టు, కట్టిన వేళ వ్రాసికొనును. మా పెద్దకు గడియారముతో పని లేదు; ప్రొద్దు ఏ కొండమీద నుండగా బిడ్డ పడెనో, ఏ కొండమీదికి వచ్చుసరికి తనయొద్దకు తెచ్చిరో చెప్పును. ఆచార్యుడు దానిని గంటలుగా మార్చి వ్రాసికొని, శబరి పొంగిన దినములలో దారి యెంత ఆలసించెనో మరల అడుగుచుండును.