మిరప కోతల చొక్కా

నేను టెరికాటన్ చొక్కాను. ముదురు నీలం రంగు, నిండు చేతులు. మొదట్లో మా ఊరు కోసిగిలో ఇంటాయన నన్ను తొడుక్కుని పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ వెళ్లేవాడు. కాలరు అరిగాక ఆయన భార్య చేతికొచ్చాను. సంక్రాంతి దాటాక కర్నూలు జిల్లా పడమటి ఊళ్ల నుంచి గుంటూరు వైపు మిరప కోతలకు కదిలే కూలీల మూటల్లో నేనూ ఉంటాను. చీర మీద నన్ను వేసుకుని, మెడదాకా గుండీలు పెట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని ఆమె చేలోకి దిగుతుంది.

ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలుంటాయి. చర్మాన్ని కాల్చేవి అవే. నాలోని పాలిస్టర్ పోగు వాటిలో ఎక్కువ కాల్చేవాటిని బాగా పీల్చుకుంటుంది. ముదురు రంగు ఇంకొంత ఆపుతుంది. పలచని తెల్ల నూలు చొక్కా ఒంటికి హాయే గానీ, చెమటకు తడిస్తే ఎండ ఇంకా తేలిగ్గా దూరుతుంది. నాతో ఉక్కపోత మాత్రం తప్పదు.

ఆ ఉక్క పట్టలేకే ఒక మార్చి మధ్యాహ్నం, నీడ కాళ్ల కిందికి చేరిన వేళ, ఆమె నా చేతులు మోచేతుల పైకి మడిచేసింది. అప్పటికి ఏమీ తెలియలేదు. ఎండ కాలిస్తే వెంటనే బయటపడదు, కొన్ని గంటలకు మొదలై మర్నాటికి ముదురుతుంది. చామనచాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు కనుక మనకేం కాదులే అనుకుంటారు. నల్లని ఒళ్లు కొంత కాచుకుంటుంది, పూర్తిగా కాదు. రాత్రికి ఆమె ముంజేతులు పొయ్యి మీది పెనంలా ఉన్నాయి.

"మిరపకాయ మంటనా అత్తా?" అంది పక్క గుడిసె కోడలు.

"కాదులేమ్మా, ఎండే."

ఉతికిన పాత చీర ముక్కను కుండనీళ్లలో తడిపి చేతులకు చుట్టుకుంది. ఆరగానే మళ్లీ తడిపింది. నన్ను బయట దండెం మీదే వదిలేసింది. మంచి పని చేసింది. నా పోగు పోగులో మిరప ఘాటు ఉంది, కాలిన చోట అది తగిలితే ఇంకేమైనా ఉందా! గట్టు మీది కలబంద మట్ట కోసి, పసుపు రసం కారిపోయేదాకా నిలబెట్టి, కడిగి, లోపలి తెల్ల గుజ్జు మాత్రం పలచగా రాసుకుంది. ఆ పసుపు రసం చర్మానికి మంట పుట్టిస్తుంది. ఎవరో కొబ్బరినూనె తెస్తే వేడి దిగేదాకా వద్దంది. మర్నాడు లేచిన పొక్కులను గిల్లలేదు. నీళ్లు మాత్రం చెంబులకు చెంబులు తాగింది.

ఎండలో నల్లబడతావే అని పెళ్లికెదిగిన పిల్లలను అందరూ హెచ్చరిస్తారు. కాలిపోతావమ్మా అని కూలికి పోయే తల్లికి చెప్పేవాళ్లేరీ? నాకు బాధ కలిగేది అక్కడే. చర్మం రంగు కాపాడటానికి నేను లేను, చర్మాన్ని కాపాడటానికి ఉన్నాను.

ఈ ఏడు భుజాల దగ్గర పలచబడ్డాను. ఆమె నన్ను వెలుతురుకు ఎత్తి చూసింది. వెలుగు దూరిన చోటల్లా ఎండా దూరుతుంది. కొడుకు పాత స్కూలు ప్యాంటు కత్తిరించి లోపలివైపు అతుకులు వేసింది. చేతులు ఇంకా గట్టిగానే ఉన్నాయి, కిందికి లాగితే వేళ్ల మొదళ్లదాకా వస్తాయి. కుడి మణికట్టు దగ్గర గుండీ ఊడింది. బండెక్కేలోగా అదొక్కటి కుట్టాలి.