షో యన్నవాని యింటికి: మూడుముక్కల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కావలి ట్రంకురోడ్డు మీది కల్యాణ మండపంలో, పెళ్లికి ముందటి రాత్రి, భోజనాలయ్యాక జంపఖానా మీద చేరే ఆరుగురి మేలు కోరి పుట్టిన పద్యమిది. కవి ఎవరని పండితులు కొట్టుకోకుండా ముందే చెబుతున్నాను, కట్టింది నేనే. పాతదని బొంకి ఒక తాళపత్రం పుట్టించవచ్చు. కానీ ఆధారం లేనిదేదీ రాయనని ఒట్టు పెట్టుకున్న కోలాచలం మల్లినాథసూరి మనవాడు. ఆయన దారిలో టీక మొదలుపెట్టి తొలి వాక్యంలోనే అబద్ధమాడితే బాగుండదు. పందెం వేరుశనక్కాయలు. ఎందుకో తర్వాత వస్తుంది.

ఆట తెలియనివారికి రెండు మాటలు. తలా ఒక కాయ బోర్డులో వేస్తే తలా మూడు ముక్కలు పడతాయి. చూడకుండా ఆడితే బ్లైండు. చూసినవాడు బ్లైండువాడికి రెట్టింపు కట్టాలి. వంతు వచ్చినప్పుడు ఉన్నంతే కట్టొచ్చు, పెంచొచ్చు, లేదా ప్యాకని పారెయ్యొచ్చు. ఇద్దరే మిగిలితే షో అడగొచ్చు.

మూలము (ఆటవెలది)

మూడు ముక్కలెత్తి ముచ్చట పడునాడు
పెంచుమనెడి మనసు పేర్మి మీరు
కట్టి వేచి చూచి కడపట షోయన్న
వాని యింటి కేగు వలచి సొమ్ము

ప్రతిపదార్థము

మూడు ముక్కలు ఎత్తి = పంచిన మూడు పేకముక్కలను చేతికి తీసుకొని (పక్కవాని కంట పడకుండ అని శేషము); ముచ్చట పడునాడు = మురిసిపోవు వేళ; పెంచుమనెడి మనసు = రెట్టింపుమని తొందరపెట్టు చిత్తము; పేర్మి మీరు = మిక్కిలి పొంగును; కట్టి = ఎదుటివాడు పెట్టినంతయే పెట్టి; వేచి = ఓపికపట్టి; చూచి = కనిపెట్టి (ముక్కలను గాదు, మొహములను); కడపట = ఇద్దరే మిగిలిన పిమ్మట; షో అన్నవాని యింటికి = ముక్కలు తిప్పుమన్నవాని గృహమునకు; సొమ్ము = ద్రవ్యము (ప్రకృతమున శనక్కాయలు); వలచి = తనంత తానుగా; ఏగు = పోవును.

'వలచి' అన్నచోట 'వరుస' అని పాఠాంతరం. గణాలకు ఏదైనా సరిపోతుంది గానీ, వలచి అంటే లక్ష్మీస్వయంవరం స్ఫురిస్తుంది, వరుస అంటే రేషను షాపు స్ఫురిస్తుంది. మొదటిదే గ్రాహ్యం.

తాత్పర్యము

మంచి ముక్క పడిందని మొదటి చుట్టులోనే పెంచితే అందరూ పారేసి చేతులు దులుపుకుంటారు. బోర్డులో మిగిలేది తలా వేసిన ఒక్క కాయ. మూడు రాజులు చేతిలో పెట్టుకుని అయిదు శనక్కాయలు గెలిచినవాడి మొహం చూడాలి. అందుచేత నిమ్మళంగా కట్టుకుంటూ పోయి, ఎదుటివాడి చేతనే బోర్డు పెంచించి, చివర్లో తిప్పించమని భావం.

విశేషములు

ముచ్చట పడునాడు అన్నాడే గానీ ఎంతకు ముచ్చట పడాలో కవి చెప్పలేదు. టీకాకారుడే లెక్కించాలి. 52 ముక్కల్లోంచి మూడు 22,100 రకాలుగా పడొచ్చు. జతైనా లేనివి వాటిలో 16,440, అంటే నాలుగింట మూడుసార్లు చేతికొచ్చేది చెత్తే. జతలు 3,744. ఒకే రంగు, అంటే కలరు, 1,096. సీక్వెన్సు 720. మూడూ ఒకటే అయినవి 52, అంటే 425 పంపకాలకు ఒకసారి. పోకరు అలవాటైనవాళ్లు ఇక్కడ తడబడతారు. అయిదు ముక్కల ఆటలో సీక్వెన్సు మీద కలరు గెలుస్తుంది. మూడు ముక్కల్లో సీక్వెన్సే అరుదు గనక అదే పెద్దది. ఇంకో తమాషా ఉంది. ఒకే రంగులో పడిన సీక్వెన్సులు 48 మాత్రమే. అరుదును బట్టి చూస్తే వాటికే పెద్దపీట వెయ్యాలి. అయినా లోకం మూడు ఆసులకే మొక్కుతుంది.

ఇప్పుడు చేతిలో ఇస్పేటు కలరు ఉందనుకోండి. ముచ్చటే. ఎదురుగా అయిదుగురున్నారు. వాళ్లలో ఒక్కడికైనా సీక్వెన్సో అంతకు మించిందో పడే అవకాశం ఇంచుమించు ఆరింట ఒకటి. మీకన్నా పెద్ద కలరు సంగతి వేరే. భయపడాల్సినంత లేదు, కానీ ఇది ముక్కలు పంచిన క్షణానికి చెల్లే లెక్క. ఒకడు రెట్టించాడంటే ఈ లెక్క పాతబడిపోయింది, రెట్టించిందెవరన్నదే మిగిలింది.

పెదనాన్న ఉన్నాడు. రాత్రి పదింటికి కూర్చుంటే పన్నెండు దాకా ప్యాక్ అన్నమాట తప్ప ఆయన నోట ఇంకో మాట రాదు. గెలిచిన కాసిని కాయలు కూడా ఒలుచుకు తినేస్తుంటాడు. అలాంటి మనిషి ఒలవడం ఆపి, కళ్లజోడు సర్దుకుని, రెట్టింపు కాయలు బోర్డులోకి తోస్తే, మీ ఇస్పేటు కలరు పారెయ్యండి. షో కూడా అడక్కండి. బావ ఉన్నాడు. పొద్దున పినాకినికి మద్రాసు పోవాలి గనక నిద్ర ఎటూ లేదని నిశ్చయించుకున్నవాడు.

"ఏంది బావా, మళ్లీ బ్లైండేనా?"

"కానీరా అబ్బయ్యా, చూసి మాత్రం చేసేదేముంది!"

ఈయన రెట్టిస్తే అదే ఇస్పేటు కలరుతో కదలకండి. కట్టండి, మళ్లీ కట్టండి, ఆయన్నే పెంచనివ్వండి. ముక్కలు మారలేదు, మనిషి మారాడు, జవాబు మారింది. పద్యంలో 'చూచి' అన్న రెండక్షరాలు మొయ్యాల్సిన బరువు ఇదంతా.

'వేచి' అన్న మాట మాత్రం అన్ని చేతులకూ వర్తించదు. మూడు రాజులున్నవాడు వేచినా చెల్లుతుంది, ఎంతమంది మిగిలితే అంత లాభం. ఆసుల జత ఉన్నవాడు వేచితే మునుగుతాడు. ఆసుల జత ఒక్కడి మీద గట్టిది, అయిదుగురి మీద కాదు. అతడు మొదట్లోనే పెంచి, ఊరికే కూర్చున్నవాళ్లను లేవగొట్టాలి. అంటే బాగా గట్టి ముక్కకు ఓపిక, కొంచెం గట్టి ముక్కకు తొందర. చేతులు మాత్రం సరిగ్గా దీనికి ఎదురు చేస్తాయి.

ఆక్షేపము, సమాధానము

ఇద్దరి ముక్కలూ సరిసమానమైతే షో అడిగినవాడే ఓడినట్టని చాలాచోట్ల కట్టుబాటు. అప్పుడు సొమ్ము షో యన్నవాని యింటికి ఎలా ఏగును? 'షో అనిపించుకున్నవాని' అని లాగి అర్థం చెప్పొచ్చు గానీ అది క్లిష్టాన్వయం. మరొకటి. ఎదుటివాడు బ్లైండులో ఉంటే చూసినవాడికి షో అడిగే హక్కే లేదంటారు. బావ లాంటివాడి ముందు పద్యం నాలుగో పాదం దాకా పోనే పోదు. కవులు నిరంకుశులు గనక ఇక్కడ ఊరుకుందాం.

ఊరుకోలేనిది ఇంకొకటుంది. పెంచడం ఉంది, కట్టడం ఉంది, పారెయ్యడం పద్యంలో ఎక్కడా లేదు. ధర్మరాజుకు సభలో తెలియనిది కూడా అదే. రాజ్యం పోయినా తమ్ములు పోయినా ఆయనకు ప్యాక్ అనే మాట తట్టలేదు. అంతా పోయాక అరణ్యపర్వంలో బృహదశ్వ మహర్షి నలుడి కథ చెప్పి అక్షహృదయం నేర్పాడు. ఆ కథలో నలుడికి అదే విద్య నేర్పిన ఋతుపర్ణుడు పోయే రథం మీంచి తాండ్ర చెట్టును చూసి ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేస్తాడు. మన 22,100 ఆ చెట్టుకొమ్మే. నెల్లూరు వాళ్లం గర్వపడదగిన సంగతి ఏమంటే, తిక్కన భారతం అందుకున్నది విరాటపర్వం నుంచి. ఓడిపోయే ధర్మరాజు నన్నయ వాటాకు పోయాడు, ఆట తెలిసిన కంకుభట్టు మన వాటాకు వచ్చాడు.

ఇక శనక్కాయల సంగతి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు పడ్డ కేసులో 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, రమ్మీలో నేర్పు ఉందని ఒప్పుకుంది, మూడుముక్కలాటను మాత్రం ఉత్త అదృష్టం కింద జమకట్టింది. రాసింది జస్టిస్ హిదయతుల్లా. 1974 నాటి గేమింగు చట్టం మన రాష్ట్రంలో ఉండనే ఉంది. 2020లో ఆన్‌లైను రమ్మీ, పోకరు కూడా దాని కిందికి వచ్చాయి, 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలన్నిటికీ కేంద్రమే అడ్డుకట్ట వేసింది. కోర్టువారు ముక్కలను బట్టి చెప్పారు, ముక్కలు అదృష్టమే. పెదనాన్న ఒలవడం ఆపాడా లేదా అన్నది వారి ముందుకు సాక్ష్యంగా రాలేదు.

అలంకారము: స్వభావోక్తి.

ఇది కావలి పురవర విడిదింట, మల్లెపూలును వక్కాకును పెట్టిన బుట్టల నడుమ విరచితంబైన మూడుముక్కల టీకయందు సర్వంబును ప్రథమాశ్వాసము. పారవేత ప్రకరణము వ్రాయబూనుచుండగా ముక్కలు కలుపు వంతు టీకాకారునకు వచ్చుటంజేసి గ్రంథమిచట నిలిచినది.