కాలదోషము

కృష్ణా, గోదావరి మండలములలో ప్రోనోటు మీద అప్పిచ్చిన రైతు, అక్షరజ్ఞానము అంతంతమాత్రముగనే యున్నవాడైనను, మూడు సంవత్సరములు నిండకమునుపే బాకీదారు నింటి యరుగుపై ప్రత్యక్షమై, వంద రూపాయలైనను జమకట్టించి, నోటు వెనుక చెల్లు వ్రాయించుకొని గాని మరలి పోడు. లిమిటేషన్ చట్టమనునది యొకటి 1963లో పుట్టినదని యతడెరుగడు. ఎరుగవలసిన యక్కరయు లేదు. నోటుకు కాలదోషము పట్టునన్న భయము వానికి తండ్రితాతలనుండి సంక్రమించిన యాస్తి. అట్టి జాగరూకులమైన మనము, ఆదాయపు పన్ను శాఖ మనకు బాకీపడిన రిఫండు విషయమున మాత్రము, సర్కారు సొమ్ము ఎక్కడికి పోవునులే యని నిశ్చింతగా నుండుట నాకు బోధపడని వింత.

సర్కారు సొమ్ము నిజముగనే ఎక్కడికిని పోదు. పోవునది మనది.

తన సొత్తును పరులనుభవించుచుండగా కన్నులారా చూచుచు పదియేండ్లు మిన్నకున్నవాడు దానిని తిరిగి పొందజాలడని శాసించిన మనువు, ఆ వెంటనే, రాజధనము మాత్రము ఎవరెంతకాల మనుభవించినను రాజునకు కాకుండ పోదని మినహాయింపు వ్రాసి పెట్టెను. మన లిమిటేషన్ చట్టమును రచించిన వారు మనుస్మృతిని ముందుంచుకొని కూర్చుండిరని నే ననను గాని, సామాన్యుడు బాకీకై వేయు దావాకు మూడేండ్లును, ప్రభుత్వము వేయు దావాకు ముప్పది యేండ్లును గడువుగా నిర్ణయించుటలో ఆ మహర్షి హృదయము వారికి చక్కగా నవగతమైనదని యొప్పుకొనక తప్పదు.

ఆదాయపు పన్ను చట్టము ఈ సంప్రదాయమునకు మరింత మెఱుగు పెట్టినది. పన్ను కట్టుటలో మనము జాగు చేసినచో నెలకు నూటికి రూపాయి వడ్డీ. రిఫండు నిచ్చుటలో వారు జాగు చేసినచో అర్ధరూపాయి. ఆ యర్ధరూపాయియు ఆదాయమే గనుక దాని మీద మరల పన్ను. పూర్వము, అనగా 2019 వఱకు, 30వ నెంబరు ఫారమను కాగితము నింపి, మదింపు సంవత్సరము ముగిసిన పిదప నొక యేడాది లోపల రిఫండు నడుగుట కవకాశముండెడిది. ఆ ఫారము నెత్తివేసిరి. నేడు రిఫండు వలయునన్న రిటర్నే దాఖలు చేయవలెను. ఆలస్యముగా వేయువారికి మదింపు సంవత్సరపు డిసెంబరు 31తో తలుపు మూయబడును. ఐనను ప్రభుత్వము కేవలము నిర్దయమైనదని తలంపరాదు. మఱచిపోయిన వారు తరువాత జ్ఞప్తికి తెచ్చుకొనుటకై 2022లో అప్‌డేటెడ్ రిటర్ననునది యొకటి ప్రసాదించి, తొలుత రెండేండ్లుగా నున్న దాని గడువును 2025లో నాలుగేండ్లకు పొడిగించినది. దీనికి నియమ మొక్కటే: దాని వలన పన్ను పెరుగవలెను. రిఫండు వచ్చునట్లైనచో ఆ రిటర్ను చెల్లదు. జ్ఞాపకశక్తి ఏ దిక్కునకు పని చేయవలయునో ఇంత స్పష్టముగా నిర్దేశించిన శాస్త్రము మఱి యొకటి నే చూచి యెరుగను.

మా మేనమామగా రొక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి విశ్రమించినవారు. పన్ను కట్టవలసినంత యాదాయము వారికి లేదు. 2019-20లో వారి డిపాజిట్ల వడ్డీలో నూటికి పది వంతున టీడీఎస్ కోసి, బ్యాంకువారు పన్ను శాఖకు జమ చేసిరి. పన్ను లేనివానికి రిటర్నెందుకని వారు, రిటర్ను లేనివానికి రిఫండెందుకని శాఖవారు, ఉభయులును తర్కబద్ధముగనే మౌనము వహించిరి. కొన్ని యేండ్లకు ఈ సంగతి బయటపడగా, ఒకప్పుడు వారి యొద్దనే లెక్కలు నేర్చిన ఆడిటరు, చట్టములోని 119వ సెక్షను క్రింద జాప్యమును మన్నింపుమని అర్జీ పెట్టుకొనవచ్చునని చెప్పెను.

"ఎన్నాళ్లలోపు పెట్టాలిరా?"

"మదింపు సంవత్సరం ముగిసిన అయిదేళ్లలోపు, మాస్టారూ. మీది 2026 మార్చి 31తో సరి. 2015 నాటి సర్క్యులర్లో ఆరేళ్లుండేవి. 2024 అక్టోబరులో అయిదు చేశారు. వడ్డీ మాత్రం ఇవ్వరు."

"కోత వేసినందుకు వడ్డీ లేదు, కాలం మాత్రం కోత వేశారన్నమాట. సరే, ఏమని రాయాలి?"

"రిఫండు రాకపోతే మీకు యథార్థమైన కష్టం కలుగుతుందని రాయాలి."

ఇక్కడ వ్యవహారము నిలిచిపోయినది. మా మేనమామగారు ముప్పదియేండ్లు విద్యార్థుల సెలవుచీటీలలోని యసత్యములను ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన మహానుభావులు. "నాకు కష్టమేమిట్రా? వేళకింత తింటున్నాను, కళ్లు కనిపిస్తున్నాయి. నా డబ్బు నాకిమ్మని అడగడానికి నేను దీనుణ్ణి కావాలా?" అని గర్జించిరి. ఆడిటరు, మాస్టారి మోకాళ్ల నొప్పులను కష్టముగా పరిగణింపవచ్చునేమోనని సవినయముగా సూచించెను. అవి రిఫండు రానందున కలిగినవి కావని తిరస్కరించిరి. అత్తయ్యగారి మందుల ఖర్చును ప్రస్తావింపగా, ఆ ఖర్చు ఏ నెలలోను ఆగలేదని ఆమెయే సాక్ష్యము చెప్పినది. ఆఖరునకు మా మేనమామగారు కలము తామే యందుకొని, "అయ్యా, ఇంతవఱకు నాకెట్టి కష్టమును లేదు, ఈ దరఖాస్తు వ్రాయ మొదలిడిన నాటినుండి కలదు" అని గుండ్రని దస్తూరితో వ్రాసిరి. ఆ వాక్యము నా మట్టుకు నాకు చట్టసమ్మతముగనే తోచినది గాని, ఆడిటరు చెమట తుడుచుకొని, దానిని తన భాషలోనికి మార్చి టైపు చేయించెను.

"దీనికి జవాబెప్పుడిస్తారు?"

"సాధ్యమైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలని సర్క్యులర్లోనే ఉంది."

"ఆరు నెలలూ దాటితే, జాప్యాన్ని మన్నించమని వాళ్లు నాకు అర్జీ పెట్టుకుంటారా?"

"ఇక్కడ సంతకం పెట్టండి మాస్టారూ," అన్నాడు ఆడిటరు.