వెలిగారం బాబాయి

మా వీధి చివరింటి బాబాయిని ఫోటోగ్రాఫరంటే ఒప్పుకోడు. ఫోటోలు తీసేవాళ్లు ఊరంతా ఉన్నారట. బ్లాక్ అండ్ వైట్ రీలు కడిగే మందు ఇంట్లో కలుపుకొనే మొనగాడు మాత్రం బెజవాడ మొత్తానికి తానొక్కడేనట.

ఆయన కలిపేది కొడాక్ వాళ్ల డి-76. 1920లలో సినిమా రీళ్ల కోసం పుట్టిన సూత్రం. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బొరాక్స్ 2. ప్యాకెట్లో కలిపి అమ్ముతారు కదా అంటే, "పులిహోర పొడీ ప్యాకెట్లో అమ్ముతారోయ్, మీ పిన్ని కొంటుందా?" అంటాడు. బొరాక్స్ అంటే మన వెలిగారమే కాబట్టి కంసాలి దగ్గర తెస్తాడు. తూకమూ కంసాలి త్రాసులోనే. మే నెలైనా సరే, ఆ కాసేపూ ఇంట్లో ఫ్యాను ఆగాల్సిందే. తుమ్ము వచ్చినవాళ్లు వీధిలోకి నడవాల్సిందే.

నిరుడు కొట్టు కుర్రాడు సల్ఫైట్ అడిగితే సల్ఫేట్ కట్టిచ్చాడు. మందును గాలి సోకి పాడవకుండా కాచేది ఆ సల్ఫైటే. అది లేకపోయేసరికి సీసాలో మందు కషాయం రంగుకు తిరిగింది, రీలు గాజుముక్కలా తేలింది. అందులో ఉన్నది వాళ్లన్నయ్య మనవడి బారసాల. పోయిన బారసాల సంగతి బాబాయి ఎత్తడు గానీ, ఐత్వం మింగేసి ఏత్వం పెట్టిన ఆ కుర్రాణ్ణి మాత్రం ఇప్పటికీ తిడతాడు.

మందు 20 డిగ్రీలుండాలి. బెజవాడ కుళాయి నీళ్లకి ఆ సంగతేం తెలుసు? అందుకని వేసవంతా ఫ్రిజ్‌లో ఐసు ట్రేలదే రాజ్యం, పెరుగు గిన్నె గట్టుమీదే పులుస్తుంది.

ఇంతా చేసి తీసేదేమిటయ్యా అంటే, పెరట్లో రుబ్బురోలు. ఏ రీలు చూసినా అదే. "మందుకీ మందుకీ తేడా తెలియాలంటే కదలని వస్తువుండాలోయ్!"

మొన్న రీలు చివర ఒక్క ఫ్రేము మిగిలితే, పోనీ అని పిన్నిని రోలు పక్కన నిలబెట్టాడు. కడిగిన రీలు దండెం మీద ఆరాక పిన్ని దాన్ని ట్యూబ్‌లైటుకు అడ్డంపెట్టి చూసుకుంది. మొహం బొగ్గు. నెరిసిన జుట్టు మాత్రం నిగనిగలాడుతూ నల్లగా ఉంది.

"అది నెగెటివేనే, ప్రింటులో సరిగ్గా వస్తుందిలే" అన్నాడు బాబాయి.

"ప్రింటు వద్దు లెండి. ఇదే ఫ్రేము కట్టించండి."